పావువంతు మైదానం

పిల్లలూ! తెలుగు తరగతికి వచ్చే దారిలో క్లేటన్ రోడ్డు మీద అయిదు నిమిషాలు ఆగి, చెవి పెట్టి వినండి. కూరగాయల దుకాణంలో ఒక భాష, ఎదుటి మందుల షాపులో మరొక భాష, రైల్వే స్టేషను దగ్గర ఇంకొకటి వినిపిస్తాయి. చైనా, మలేషియా, శ్రీలంక, వియత్నాం, గ్రీసు, ఇండియా - ఇన్ని దేశాలనుంచి వచ్చినవాళ్ళు ఈ పేటలో కలసి ఉంటున్నారు. మెల్బోర్న్ నగరం నడిబొడ్డు నుంచి ఇది ఆగ్నేయంగా సుమారు 19 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు ఇక్కడ కూరగాయల తోటలు ఉండేవి. ఇంతమంది ఇక్కడికి చేరడానికి ఉన్న కారణాలలో పెద్దది మోనాష్ విశ్వవిద్యాలయం. 1958లో చట్టం చేసి దానిని స్థాపించారు. 1961లో క్లేటన్‌లో తరగతులు మొదలయ్యాయి. సర్ జాన్ మోనాష్ అనే ఆయన గొప్ప ఇంజనీరు, సేనాధిపతి కూడా. ఆయన పేరే విశ్వవిద్యాలయానికి పెట్టారు.

అక్కడ చదువుకోవడానికి గుంటూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడనుకుందాం. ఊళ్ళో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం కాలేజీ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేవాడు. ఇక్కడికి వచ్చాక పగలు క్లాసులు, సాయంత్రం ఏదో ఒక దుకాణంలో పని. విదేశీ విద్యార్థులు చదువు సాగే రోజులలో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయరాదని 2023 జూలైలో నిబంధన వచ్చింది. ఆ పని గంటలు పోగా, చదువు పోగా మిగిలే తీరిక ఎంత? ఫుట్‌బాల్ ఆడాలంటే ఇరవై ఇద్దరు ఒకేసారి దొరకాలి. అంత పెద్ద మైదానమూ ఖాళీగా ఉండాలి. జూన్, జూలై నెలలలో ఇక్కడ అయిదు గంటలు దాటగానే చీకటి పడుతుంది. చలి సరేసరి, తోడు వాన. ఆ అబ్బాయి బూట్లు పెట్టెలోనే ఉండిపోయాయి.

ఒక శనివారం రాత్రి గుంటూరు నుంచి తల్లి ఫోను చేసింది.

"తిన్నావా నాయనా?"

"తిన్నానమ్మా. ఇవాళ ఆడాను కూడా."

"వాన పడుతోందన్నావుగా! ఎక్కడ ఆడావురా?"

"లోపల, హాల్లో. మా జట్టుకు అయిదుగురమే. ఒకడు ఇరాన్ వాడు, ఒకడు బ్రెజిల్ వాడు, ఇద్దరు మలేషియావాళ్ళు."

"వాళ్ళ మాటలు నీకు తెలుస్తాయా?"

"బంతి ఇటు తన్నమంటే తెలుస్తుందిలే అమ్మా!"

ఆ అబ్బాయి ఆడిన ఆట పేరు ఫుట్‌సాల్. ఇంటి కప్పు కింద, గట్టి నేల మీద, జట్టుకు అయిదుగురు చొప్పున ఆడే ఫుట్‌బాల్ అన్న మాట. అయిదుగురిలో ఒకరు గోలు కీపరు. ఈ ఆటను చూసి "చిన్న ఫుట్‌బాల్" అనుకునేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ మాట నచ్చదు. ఎందుకో మీరే లెక్క కట్టి చూడండి.

పెద్ద పోటీలలో ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే 7140 చదరపు మీటర్లు. దానిని ఇరవై ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి సుమారు 325 చదరపు మీటర్లు వస్తాయి. ఫుట్‌సాల్ కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. అది 800 చదరపు మీటర్లు. ఆడేవాళ్ళు పదిమంది. తలకు 80 చదరపు మీటర్లు. ఫుట్‌బాల్ ఆటగాడికి దొరికే చోటులో ఇది పావువంతు మాత్రమే! బంతి మీ కాలి దగ్గరికి వచ్చేలోపలే ఎదుటి జట్టు మనిషి కూడా వచ్చేస్తాడు. తీరిగ్గా తల ఎత్తి, "ఎవరికి ఇద్దామా" అని ఆలోచించే వ్యవధి ఉండదు. బంతి రాకముందే ఆలోచన అయిపోవాలి.

బంతి కూడా వేరు. ఫుట్‌బాల్ చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. ఫుట్‌సాల్ బంతిది 62 నుంచి 64. బరువు మాత్రం ఇంచుమించు సమానమే. అసలు తేడా అది ఎగిరే తీరులో ఉంది. ఫుట్‌సాల్ బంతిని రెండు మీటర్ల ఎత్తునుంచి వదిలితే 50 సెంటీమీటర్లకు తగ్గకుండా, 65కు మించకుండా లేవాలి. మామూలు ఫుట్‌బాల్‌ను అదే ఎత్తునుంచి గట్టి నేల మీద వదిలి చూడండి, మీటరు దాటి లేస్తుంది. ఫుట్‌సాల్ బంతి నేలను అంటిపెట్టుకొని ఉంటుంది గనుక, దానిని అరికాలితో తొక్కి ఆపుతారు. అరికాలితోనే వెనక్కి లాగుతారు, పక్కకు దొర్లిస్తారు. గాలిలోకి ఎత్తి దూరంగా తన్నేసి చేతులు దులుపుకోవడం ఇక్కడ అంతగా పనికిరాదు.

ఈ ఆటలో ఆఫ్‌సైడు లేదు. బంతి పక్కగీత దాటితే చేతులతో విసరరు. గీత మీద ఉంచి కాలితో లోపలికి తన్నుతారు. అలా తన్నడానికి ఉన్న గడువు నాలుగే సెకండ్లు. రిఫరీ వేళ్ళు చూపిస్తూ లెక్కపెడతాడు. గడువు దాటితే బంతి ఎదుటివాళ్ళది. ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి కోర్టు దాటి బయటికి పోయినప్పుడల్లా గడియారాన్ని ఆపేస్తారు. కాబట్టి గెలుస్తున్నవాళ్ళు కాలయాపన చేసి లాభం లేదు. ఆటగాళ్ళను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, దానికోసం ఆటను ఆపనక్కరలేదు. ఒక భాగంలో జట్టు చేసిన పెద్ద తప్పులన్నీ కలిపి లెక్కిస్తారు. అయిదు దాటితే, ఆరవ తప్పునుంచి ఎదుటి జట్టుకు గోలుకేసి నేరుగా తన్నే అవకాశం వస్తుంది. అడ్డంగా గోడలా నిలబడడానికి ఎవరూ ఉండరు, ఒక్క గోలు కీపరు తప్ప. ఒకడి దుడుకుతనానికి అయిదుగురూ మూల్యం చెల్లిస్తారు.

ఇన్ని నిబంధనలు ఎవరు పెట్టారు? ఆ కథ వినదగినది.

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అనే చిన్న దేశం ఉంది. దాని రాజధాని మాంటివీడియో. 1924లోను, 1928లోను ఒలింపిక్ ఫుట్‌బాల్ బంగారు పతకాలు ఆ దేశానికే వచ్చాయి. 1930లో మొట్టమొదటి ప్రపంచ కప్పు మాంటివీడియోలోనే జరిగింది, దానినీ ఉరుగ్వేయే గెలుచుకుంది. ఇక ఊళ్ళో పిల్లల ఉత్సాహం చెప్పాలా? సందు దొరికిన ప్రతిచోటా ఫుట్‌బాలే. కాని అందరికీ సరిపడా మైదానాలు ఎక్కడివి? పిల్లలు బాస్కెట్‌బాల్ కోర్టులలో చేరి తన్నడం మొదలుపెట్టారు. అక్కడి వై.ఎం.సి.ఏ.లో హువాన్ కార్లోస్ సెరియాని అనే వ్యాయామోపాధ్యాయుడు ఉండేవాడు. "ఇది బాస్కెట్‌బాల్ కోర్టు, పొండి" అని ఆయన పిల్లలను తరిమివేయలేదు. ఆ కోర్టుకు సరిపోయే ఆటనే తయారుచేశాడు.

ఆయన చేసిన పని మన ఇళ్ళలో పులుసు పెట్టినట్లుంటుంది. ఉన్న దినుసులే, కలిపిన పాళ్ళు కొత్తవి. కాలితో తన్నడం ఫుట్‌బాల్ నుంచి వచ్చింది. జట్టుకు అయిదుగురు, నలభై నిమిషాల ఆట - ఇవి బాస్కెట్‌బాల్ నుంచి. కోర్టు కొలతలు, మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉండే గోలు - ఇవి హ్యాండ్‌బాల్ నుంచి. గోలు కీపరుకు సంబంధించిన నియమాలేమో ఈతకొలనులో ఆడే వాటర్ పోలో నుంచి. ఇలా నాలుగు ఆటలు కలిసి ఒక కొత్త ఆట పుట్టింది. స్పానిష్ భాషలో "సాలా" అన్నా, "సలోన్" అన్నా పెద్ద గది. మనకు సెలూన్ అనగానే జుట్టు కత్తిరించే కొట్టు గుర్తుకు వస్తుంది గాని, అసలు అర్థం అది. గదిలో ఆడే ఫుట్‌బాల్ కనుక ఫుట్‌సాల్ అయింది.

వై.ఎం.సి.ఏ. శాఖల ద్వారా ఈ ఆట పక్కనున్న బ్రెజిల్‌కు పాకింది. అక్కడి నగరాలలోనూ మైదానాల కొరతే. పేలే మొదలుకొని జీకో, రొనాల్డీన్యో, నెయ్‌మార్ వరకు ఎందరో మేటి ఆటగాళ్ళు చిన్నతనంలో ఈ ఇరుకు కోర్టులలో ఆడినవారే. 1989లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య - ఫీఫా - మొదటి ఫుట్‌సాల్ ప్రపంచ పోటీని నెదర్లాండ్స్‌లో జరిపింది. బ్రెజిల్ గెలిచింది. ఆ మొదటి పోటీలో ఆస్ట్రేలియా జట్టు కూడా ఆడింది. 2024లో ఉజ్బెకిస్తాన్‌లో జరిగిన పోటీలో కూడా బ్రెజిలే గెలిచింది.

ఇక విద్యార్థుల సంగతికి వద్దాం. విశ్వవిద్యాలయాలు ఒకదానితో ఒకటి పోటీపడడం ఆస్ట్రేలియాకు కొత్త కాదు. 1870లోనే మెల్బోర్న్, సిడ్నీ విశ్వవిద్యాలయాల విద్యార్థులు యారా నదిలో పడవ పందెం వేసుకున్నారు. ఇప్పుడు ఈ దేశపు విశ్వవిద్యాలయాలన్నీ కలసి ఆడే యూనిస్పోర్ట్ నేషనల్స్ అనే పోటీలలో ఫుట్‌సాల్ కూడా ఉంది. దేశాల మధ్య విద్యార్థుల పోటీలు నడిపే సంస్థ వేరే ఉంది. దాని పేరు అంతర్జాతీయ విశ్వవిద్యాలయ క్రీడా సమాఖ్య. పొట్టిగా ఫీసూ అంటారు. అది 1949లో ఏర్పడింది. ఫీఫా, ఫీసూ అని పేర్లు దగ్గరగా వినిపిస్తాయి, పొరబడకండి.

ఫీసూ 1992లో స్పెయిన్ దేశపు మాలగా నగరంలో మొదటిసారి ప్రపంచ విశ్వవిద్యాలయ ఫుట్‌సాల్ పోటీ జరిపింది. అప్పటినుంచి రెండేళ్ళకు ఒకసారి ఒక్కొక్క దేశంలో జరుగుతోంది. 2016లో బ్రెజిల్‌లోని గొయానియాలో, 2018లో కజకిస్తాన్‌లోని ఆల్మటీలో జరిగింది. 2020లో పోలండ్‌లోని పోజ్నాన్‌లో జరగవలసి ఉండగా కరోనా మూలంగా రద్దయింది. పాపం, ఆ ఏడాదికోసం సాధన చేసిన విద్యార్థులలో ఎందరికో మళ్ళీ అవకాశం రాలేదు. ఎందుకంటే ఈ పోటీకి వయసు హద్దు ఉంది, ఆడేవారు విశ్వవిద్యాలయంలో చదువుతూ ఉండాలి, లేదా అంతకు ముందు ఏడాదే చదువు ముగించి ఉండాలి. రెండేళ్ళు ఆగేసరికి విద్యార్థి ఉద్యోగి అయిపోతాడు. తరువాతి పోటీలు 2022లో పోర్చుగల్‌లో, 2024లో చైనాలోని షాంఘైలో జరిగాయి.

ఫీసూ క్రీడలలో ఒకప్పుడు ఒక మంచి పద్ధతి ఉండేది. ఒలింపిక్స్‌లో బంగారు పతకం ఇచ్చేటప్పుడు గెలిచిన దేశపు జాతీయగీతం వాయిస్తారు, మీరు టీవీలో చూసే ఉంటారు. 1959లో ఇటలీలోని టూరిన్‌లో మొదటి ప్రపంచ విద్యార్థి క్రీడలు జరిగినప్పుడు అలా చేయలేదు. ఎవరు గెలిచినా ఒకే పాట వాయించారు. అది ఐరోపా విద్యార్థులు ఎన్నో తరాలుగా పాడుకుంటున్న లాటిన్ పాట, "గౌడియామస్". రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి పద్నాలుగేళ్ళే. ఆ యుద్ధంలో ఒకరితో ఒకరు పోరాడిన దేశాల పిల్లలు ఆ పాట వింటూ ఒకే వేదిక మీద నిలబడ్డారు. జట్టు దేశానిదే, జెండా దేశానిదే. పాట మాత్రం విద్యార్థులందరిదీ.

ఆడపిల్లలు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. పురుషులకు ఫీఫా ఫుట్‌సాల్ ప్రపంచ పోటీ 1989లో మొదలయిందని చెప్పుకున్నాం గదా! స్త్రీలకు అదే పోటీ 2025లో గాని రాలేదు. ఫిలిప్పీన్స్‌లో జరిగింది. అంటే 36 ఏళ్ళ ఆలస్యం. కాని విశ్వవిద్యాలయ పోటీలలో స్త్రీల జట్లు అంతకు ముందే ఆడుతున్నాయి. గొయానియాలో ఆడాయి, ఆల్మటీలోనూ ఆడాయి. పెద్ద సమాఖ్యకు తోచకముందే విద్యార్థుల సమాఖ్యకు తోచింది. ఎందుకు ఇంత ఆలస్యమయిందని ఎవరైనా అడిగితే సరైన జవాబు నాకు కనిపించలేదు.

ఇక్కడ మన హైదరాబాదు కథ ఒకటి చెప్పాలి. ఇది ఫుట్‌సాల్ కథ కాదు, ఫుట్‌బాల్ కథ. అయినా మాంటివీడియో మాస్టారి కథకు ఇది దగ్గరి చుట్టం. పైగా ఇందులో మెల్బోర్న్ కూడా వస్తుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. తరువాత బడిపంతులుగా పనిచేశారు. అందరూ ఆయనను రహీం సాబ్ అనేవారు. 1950 నుంచి హైదరాబాదు పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు గెలిచింది. ఊళ్ళో కుర్రవాళ్ళకోసం ఆయన చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం నిషేధం. అందిన వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో ఎవరి బలహీనమైన కాలితో వాళ్ళు ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలన్న మాట. మొదట నవ్వులాటగా ఉండేదేమో గాని, నాలుగు పోటీలు ఆడేసరికి ఆ ఎడమకాలు కుడికాలితో సమానమవుతుంది. సెరియాని కోర్టును కుదించాడు. రహీం సాబ్ మైదానం అలాగే ఉంచి, ఆటగాడికి ఉన్న సౌకర్యాలను కుదించారు.

1956లో ఒలింపిక్ క్రీడలు మెల్బోర్న్‌లో జరిగాయి. అప్పటికి మోనాష్ విశ్వవిద్యాలయం ఇంకా పుట్టలేదు. రహీం సాబ్ భారత జట్టును తీసుకొని ఇక్కడికి వచ్చారు. జట్టులో హైదరాబాదు ఆటగాళ్ళు చాలామంది ఉన్నారు. హైదరాబాదులో పుట్టిన గోలు కీపరు పీటర్ తంగరాజ్, సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వారిలో ఉన్నారు. బలరాంకు అప్పుడు ఇరవై ఏళ్ళు. మీ అన్నయ్య వయసు!

డిసెంబరు 1న ఒలింపిక్ పార్కు స్టేడియంలో భారతదేశం ఎదుర్కొన్నది ఆస్ట్రేలియానే. సొంత గడ్డ మీద, సొంత ప్రేక్షకుల ఎదుట ఆడుతున్న జట్టు. భారత్ 4-2 గోళ్ళతో గెలిచింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్ళు చేసిన మొదటి ఆసియావాడు అతనే. ఆ తరువాత సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1-4తో, మూడవ స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడిపోయారు. నాలుగవ స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం చేరిన ఎత్తు అదే, దానిని మళ్ళీ అందుకోలేదు. 1962లో జకార్తాలో రహీం సాబ్ శిక్షణలోని జట్టే ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయన క్యాన్సరుతో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. 2024లో వచ్చిన "మైదాన్" అనే హిందీ సినిమా ఆయన గురించే. మెల్బోర్న్‌లోని ఆ పాత స్టేడియం ఇప్పుడు లేదు. దానికి ఆనుకొని కట్టిన కొత్త స్టేడియం 2010లో తెరిచారు. రిచ్‌మండ్ మీదుగా వెళ్ళే రైల్లో నగరానికి పోయేటప్పుడు ఆ స్టేషను దాటాక నదివైపు చూడండి, బుడగలు అతికించినట్లుండే కప్పు కనిపిస్తుంది.

అంత చరిత్ర ఉన్న మన దేశం ఫుట్‌సాల్‌కు మాత్రం ఆలస్యంగా వచ్చింది. భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2021లో క్లబ్బులకు జాతీయ ఫుట్‌సాల్ పోటీ మొదలుపెట్టింది. భారత పురుషుల జట్టు మొదటి అంతర్జాతీయ ఆట ఆడింది 2023లో. సెరియాని ఆటను రూపొందించి అప్పటికి తొంభై ఏళ్ళు దాటాయి. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో ఇప్పుడు గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న కోర్టులు వెలిశాయి. ఖాళీ స్థలాలు కరిగిపోతున్న చోట ఆట ఇలా చోటు వెతుక్కుంటోంది. అయితే మాంటివీడియో పిల్లలు డబ్బు చెల్లించి ఆడలేదు. గంటకు ఇంత అని కట్టలేని పిల్లవాడు ఎక్కడ ఆడాలి? ఆ పిల్లవాడికోసం కూడా ఒక మాస్టారు కావాలి.

మన గుంటూరు అబ్బాయిని మరచిపోలేదు. ఈసారి మీరు ఏదైనా క్రీడాభవనంలోకి వెళితే నేలవైపు చూడండి. ఒకదాని మీద ఒకటి రంగురంగుల గీతలు ఉంటాయి. ఒక రంగు బాస్కెట్‌బాల్‌ది, ఒకటి నెట్‌బాల్‌ది, ఒకటి బ్యాడ్మింటన్‌ది, వాటి మధ్యనే ఫుట్‌సాల్ గీతలు. ఎవరి గంట వచ్చినప్పుడు వాళ్ళు తమ గీతలను వెతుక్కొని ఆడతారు. రాత్రి ఎనిమిది గంటలకు బ్యాడ్మింటన్ వాళ్ళు వల చుట్టుకొని వెళ్ళిపోతారు. ఇరాన్ అబ్బాయి, బ్రెజిల్ అబ్బాయి రెండు వైపులా పట్టుకొని గోలు కమ్మీలను లాక్కొస్తారు. మలేషియావాళ్ళలో ఒకడు ఇంకా రాలేదు, బస్సు ఆలస్యం. ఎదుటి జట్టులో ఆరుగురు ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి, "ఇవాళ నేను మీవైపు ఆడతాను" అని ఇవతలికి వచ్చి నిలబడుతుంది. అబ్బాయి పెట్టెలోంచి తీసిన పాత బూట్లు ఇక్కడ పనికిరాలేదు, వాటికి కింద మేకులున్నాయి. చదునైన అడుగు ఉన్న బూట్లు మొదటి జీతంతో కొనుక్కున్నాడు. వాటి తాళ్ళు బిగించుకొని లేచాడు.

అభ్యాసం

1. మీ బడిలోని బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు, వెడల్పులను అడుగులతో కొలవండి. పదిమంది ఆడితే ఒక్కొక్కరికి ఎంత చోటు వస్తుంది?

2. సెరియాని ఏయే ఆటలనుంచి ఏయే నియమాలు తీసుకున్నాడు? మీ సొంత మాటలలో రాయండి.

3. గెలిచిన దేశపు జాతీయగీతానికి బదులు అందరికీ ఒకే పాట వాయించడం మీకు నచ్చిందా? నచ్చితే ఎందుకు, నచ్చకపోతే ఎందుకు?

4. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి, వాళ్ళ చిన్నప్పుడు చోటు చాలక నియమాలు మార్చి ఆడుకున్న ఒక ఆట గురించి పది వాక్యాలు రాయండి.